పడిశం మాత్ర: పై పేరు కాదు, లోపలి మందు చదువుదాం



ఐప్పసి వానలు మొదలైతే మన తిరుత్తణి, పళ్ళిపట్టు, తిరువళ్ళూరు వైపు ఇంటింటా దగ్గు, తుమ్ము, ముక్కు కారడం. ఈ వారం మేత సంగతి, గూళ్ళ ధర సంగతి పక్కన పెట్టి మన ఒంటి సంగతి మాట్లాడుకుందాం.

పురుగు జ్వరానికి కూర్చుంటే మనం ఏం చేస్తాం? మేత ఆపుతాం. పడక పొడిగా ఉండాలని సున్నం చల్లుతాం. తట్ట కదిలించం. అన్నీ లేచేదాకా ఓపిగ్గా కాచుకుంటాం. అదే జ్వరం మనకు వస్తే? ఐదో దశలో రోజుకి మూడు మేతలు, తెల్లారకముందే కొమ్మలు కోయాలి, పడక తీయాలి. పడుకుంటే పంట పోతుంది. అందుకని పిల్లోణ్ణి అంగడికి పంపించి, "పడిశానికి, ఒళ్ళునొప్పులకి మాత్రలు తీసుకురా" అంటాం. ఏం మాత్ర, ఎంత బలం, ఏమీ అడగం. ఇచ్చింది మింగి షెడ్డులోకి పోతాం.

పోయిన వానల్లో మన గుంపులోనే ఒక రైతుకి ఇట్లే అయింది. ఆయనే "నా పేరు లేకుండా అందరికీ చెప్పండి" అన్నాడు కాబట్టి చెబుతున్నాం. పురుగులు నాలుగో జ్వరం లేచిన రోజే ఆయనకి పడిశం, ఒళ్ళునొప్పులు. ఇంట్లో ఉన్న డోలో 650 పూటకొకటి చొప్పున రోజుకి మూడు. అంగట్లో ఇచ్చిన పడిశం మాత్ర అదీ పూటకొకటి, మూడు. నడుము నొప్పికని ఎప్పుడో కొన్న కాంబిఫ్లామ్ రోజుకి రెండు. రాత్రికి చలి అని ఒక క్వార్టరు కూడా. మూడు రోజులు ఇట్లా గడిపాడు. నాలుగో రోజు వాంతులు, కుడి డొక్కలో నొప్పి, అన్నం చూస్తేనే వికారం. ఆసుపత్రికి తీసుకుపోతే రక్తం పరీక్ష చేసి లివరు దెబ్బతిన్నది అన్నారు. నాలుగు రోజులు అక్కడే. పంటని తమ్ముడు, వదిన కలిసి కాపాడారు. మనిషి బాగున్నాడు, అదే గొప్ప.

ఆయన అన్న మాట మాకు ఇంకా చెవుల్లోనే ఉంది: "నేను మూడు రకాల మాత్రలు వేసుకున్నా అనుకున్నా. డాక్టరమ్మ చెప్పింది, నువ్వు వేసుకున్నది ఒకే మందు, మూడు పేర్లతో అని."

ఈ పాఠం అంతా ఆ ఒక్క మాట చుట్టూనే.

1. పేర్లు మూడు, మందు ఒకటి

జ్వరానికి, నొప్పికి వాడే పారాసెటమాల్ మనందరికీ తెలిసిన మందే. క్రోసిన్, కాల్పాల్, డోలో ఇవన్నీ పారాసెటమాలే. కానీ సినరెస్ట్, విక్స్ యాక్షన్ 500, డీకోల్డ్ టోటల్, చెస్టన్ కోల్డ్ లాంటి పడిశం మాత్రల్లో కూడా అదే ఉంది. కాంబిఫ్లామ్‌లో ఇబుప్రొఫెన్ తోపాటు పారాసెటమాల్ 325 మి.గ్రా. ఉంది.

ఇప్పుడు ఆ రైతు లెక్క వేద్దాం. 650 చొప్పున మూడు అంటే 1,950. పడిశం మాత్ర ఒక్కొక్కదాంట్లో 500, మూడు అంటే 1,500. కాంబిఫ్లామ్ రెండు అంటే 650. మొత్తం రోజుకి 4,100 మి.గ్రా.

పెద్దవాళ్ళకి ఒకసారికి 500 నుంచి 1,000 మి.గ్రా. చాలు. మళ్ళీ వేసుకునే ముందు కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు ఆగాలి. 24 గంటల్లో 4,000 ఎప్పుడూ దాటకూడదు. అది గట్టు. గట్టు దాకా నీళ్ళు నింపాలని లేదు కదా. ఇంట్లో మన అంతట మనం వేసుకునేటప్పుడు 3,000 లోపల ఆగడం మంచిది. రోజూ తాగే అలవాటు ఉన్నవాళ్ళు, లివరు జబ్బు ఉన్నవాళ్ళు, 50 కిలోలకి తక్కువ బరువున్న ముసలివాళ్ళు, అన్నం తినకుండా నీరసంగా ఉన్నవాళ్ళు డాక్టరుని అడిగే వేసుకోవాలి. వాళ్ళకి 2,000 కూడా దాటనీయరు.

ఇంకొక సంగతి. పారాసెటమాల్ ఎక్కువైతే మొదటి రోజు ఏమీ తెలియదు. మనిషి బాగానే తిరుగుతాడు. రెండు మూడు రోజులకి లివరు దెబ్బ బయటపడుతుంది. విరుగుడు మందు ఉంది, కానీ ఎనిమిది గంటల లోపల ఇస్తే బాగా పనిచేస్తుంది. కాబట్టి ఎక్కువ మింగామని తెలిసిన వెంటనే, ఒంట్లో బాగున్నా సరే, ఆసుపత్రికి పోవాలి. వాంతులు అయినాక చూద్దాంలే అని కూర్చోకూడదు.

షెడ్డు శుద్ధి చేసేటప్పుడు మనం పది లీటర్ల నీళ్ళకి 200 గ్రాముల బ్లీచింగ్ పౌడరు, 30 గ్రాముల సున్నం తూకం వేసి కలుపుతాం. కంటి అందాజుతో పొయ్యం. ఎక్కువైనా తక్కువైనా నష్టమే అని తెలుసు. మన కడుపులో వేసుకునేదానికి ఆ మాత్రం తూకం ఉండొద్దా?

2. పక్క జిల్లాలో తయారైన సీసా

ఇది చెప్పాలంటే మనసు బరువెక్కుతుంది. 2025 సెప్టెంబరులో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో జలుబు, దగ్గు, జ్వరం అని సిరప్ తాగిన పిల్లలకి మూత్రం ఆగిపోయింది. కిడ్నీలు పాడైపోయి ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. ఇరవై మందికి పైగా. ఎక్కువమంది ఐదేళ్ళ లోపు బిడ్డలు. ఆ సిరప్ పేరు కోల్డ్రిఫ్. తయారైంది ఎక్కడో కాదు, మన పక్క కాంచీపురం జిల్లా సుంగువార్‌చత్రంలో.

తమిళనాడు ఔషధ నియంత్రణ శాఖ ఎస్.ఆర్.-13 అనే బ్యాచ్‌ని పరీక్ష చేయిస్తే అందులో 48.6 శాతం డైఇథిలీన్ గ్లైకాల్ తేలింది. ఇది ఫ్యాక్టరీల్లో వాడే విషపు ద్రావకం. మందుల్లో దీనికి ఒప్పుకున్న హద్దు 0.1 శాతం. అక్టోబరు 1 నుంచి మన రాష్ట్రంలో ఆ సిరప్ అమ్మకం ఆపేశారు. అదే నెలలో కంపెనీ లైసెన్సు రద్దు చేశారు. ఇట్లాంటిది మన దగ్గర ఇదే మొదలు కాదు. 1972లో మద్రాసులో ఇదే విషం కలిసిన సిరప్ తాగి 15 మంది పిల్లలు పోయారు. 2022లో ఆఫ్రికాలోని గాంబియా దేశంలో మన దేశపు సిరప్పుల వల్లనే డెబ్బై మంది దాకా పిల్లలు పోయారని ప్రపంచమంతా మాట్లాడుకుంది.

ఆ తల్లిదండ్రుల తప్పేమీ లేదు. చాలామంది డాక్టరు రాసిస్తేనే కొన్నారు. సీసా మీద విషం అని రాసి ఉండదు. చదివినా తెలియదు. మరి మనం ఏం చేయగలం? ఒకటే. చిన్న బిడ్డకి అక్కరలేని సిరప్ అసలు పోయకుండా ఉండగలం.

2025 అక్టోబరు 3న కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేటు చెప్పింది కూడా ఇదే. రెండేళ్ళ లోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు రాయకూడదు, ఇవ్వకూడదు. ఐదేళ్ళ లోపు పిల్లలకి మామూలుగా వద్దు. ఎందుకంటే పిల్లల దగ్గు, పడిశం చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి. దానికి ముందే 2023 డిసెంబరులో, క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్ఎఫ్రిన్ కలిసిన పడిశం మందు నాలుగేళ్ళ లోపు పిల్లలకి వాడొద్దని సీసా మీదే రాయాలని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ కంపెనీలకి చెప్పింది. చిన్న అక్షరాల్లో ఉంటుంది. వెతికి చదవండి.

నిమెసులైడ్ అనే జ్వరం మందు కూడా 12 ఏళ్ళ లోపు పిల్లలకి 2011 నుంచే నిషేధం. నైస్ అని మనకి తెలిసిన మాత్ర అదే. పాత సీసా, పాత పట్టీ ఇంట్లో ఉంటే పిల్లల దగ్గరికి రానీయకండి.

ఏ సిరప్ తాగినా సరే, బిడ్డ ఆరు గంటలుగా మూత్రం పోయకపోతే, మగతగా ఉంటే, ఊరికే వాంతులు చేసుకుంటుంటే సీసా చేతిలో పట్టుకొని ఆసుపత్రికి పరుగెత్తండి. సీసా పారేయకండి. బ్యాచ్ నెంబరు దాని మీదే ఉంటుంది.

3. ఐదు మి.లీ. అంటే ఎంత?

పోయిన నెల ఒక చెల్లెలు వాయిస్ మెసేజ్ పెట్టింది. "అన్నా, మా బిడ్డ పది కిలోలు. జ్వరానికి ఎప్పుడూ ఐదు మి.లీ. పోస్తాను. పాత సీసా అయిపోయింది, కొత్తది తెచ్చినాం. అదే ఐదు మి.లీ. పొయ్యొచ్చా?" సీసా ఫోటో పెట్టమన్నాం. పాతది 5 మి.లీ.లో 120 మి.గ్రా. కొత్తది 5 మి.లీ.లో 250 మి.గ్రా. అదే మూత, అదే గీత, మందు మాత్రం రెండింతలకి పైన.

లెక్క ఇది. పిల్లలకి పారాసెటమాల్ ఒకసారికి కిలో బరువుకి 10 నుంచి 15 మి.గ్రా. పది కిలోల బిడ్డకి 100 నుంచి 150. ఆరు గంటలకి ఒకసారి, రోజుకి నాలుగుసార్లకి మించకూడదు. 120 రకంలో ఐదు మి.లీ. పోస్తే 120, సరిపోయింది. 250 రకంలో ఐదు మి.లీ. పోస్తే చాలా ఎక్కువ, రెండున్నర మి.లీ. చాలు. ఇంకా పసిబిడ్డలకి డ్రాప్స్ సీసా వస్తుంది. అందులో ఒక్క మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉంటుంది. డ్రాప్స్‌ని సిరప్ అనుకొని ఐదు మి.లీ. పోస్తే 500 మి.గ్రా. ఒకేసారి పోయినట్టే. ఇది ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు.

మూడు నెలల లోపు పసిబిడ్డకి జ్వరం వస్తే మందు పోయడం కాదు, వెంటనే డాక్టరుకి చూపించాలి.

వంటింటి చెంచాతో కొలవకండి. సీసాతో వచ్చిన మూతో, సిరంజో వాడండి. ఆ మూతని షెడ్డులో మందు కొలవడానికి తీసుకుపోకండి. మరీ ముఖ్యంగా ఫార్మలిన్, క్లోరిన్ డయాక్సైడ్, పురుగుమందు మిగిలిపోయిందని పాత దగ్గుమందు సీసాలో పోసి పెట్టకండి. రాత్రి దీపం వెలుతురులో రెండు సీసాలూ ఒకటిగానే కనబడతాయి.

4. మగత, బీపీ

పడిశం మాత్రలో పారాసెటమాల్ కాకుండా ఇంకా రెండు మూడు మందులు ఉంటాయి.

ముక్కు కారడం ఆపేది క్లోర్‌ఫెనిరమిన్, డైఫెన్‌హైడ్రమిన్, సెట్రిజిన్ లాంటిది. ఇది మగత తెస్తుంది. సెట్రిజిన్‌తో తక్కువ, మిగతా రెండింటితో ఎక్కువ. కొమ్మలు కోసే మిషను దగ్గర, కొడవలి పట్టుకున్నప్పుడు, బండి తోలేటప్పుడు మగత వస్తే ఏమవుతుందో చెప్పక్కరలేదు. గూళ్ళు వేసుకొని రాత్రంతా ప్రయాణం చేసి తెల్లారేసరికి మార్కెట్టుకి చేరాలి కదా, ఆ రాత్రి డ్రైవరు పడిశం మాత్ర మింగి ఉంటే పంట, ప్రాణం రెండూ అతని కనురెప్పల మీద ఆధారపడి ఉన్నట్టే. మాత్రతోపాటు సారాయి తాగితే మగత ఇంకా ముదురుతుంది. ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్న పెద్దాయనలకి మూత్రం బిగదీసుకుపోవచ్చు. కంట్లో నీటి ఒత్తిడి, అంటే గ్లాకోమా ఉన్నవాళ్ళు కూడా అడగకుండా వేసుకోకూడదు.

ముక్కు దిబ్బడకి వేసేది ఫినైల్ఎఫ్రిన్. ఇది రక్తపోటు పెంచవచ్చు. బీపీ, గుండె, థైరాయిడ్ మాత్రలు వాడేవాళ్ళు ముందుగా అడగాలి. మన ఊళ్ళలో మక్కళై తేడి మరుత్తువం పథకం కింద ఇంటికొచ్చి బీపీ, షుగరు మాత్రలు ఇచ్చిపోయే అమ్మను అడిగినా దారి చెబుతుంది. ఒక విచిత్రం ఏమంటే, మాత్రగా మింగే ఫినైల్ఎఫ్రిన్ ముక్కు దిబ్బడ తగ్గించదని 2023లో అమెరికా ఔషధ సంస్థ నిపుణుల సంఘం ఏకగ్రీవంగా తేల్చింది. పని చేయనిదానికి బీపీ పెంచుకోవడం ఎందుకు?

ముక్కులో వేసే ఆట్రివిన్, నాసివియాన్ లాంటి చుక్కలు పని చేస్తాయి, కానీ మూడు నుంచి ఐదు రోజులకి మించి వాడితే ముక్కు ఇంకా ఎక్కువగా పట్టేస్తుంది. ఉప్పునీటి చుక్కలకి ఆ బాధ లేదు, పసిబిడ్డకి కూడా వాడవచ్చు.

5. డెంగీ కాలంలో నొప్పి మాత్ర

వానాకాలం జ్వరం అంతా పడిశం కాదు. మన జిల్లాలో ఈ నెలల్లో డెంగీ కూడా తిరుగుతుంది. డెంగీలో ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్, డైక్లోఫినాక్ లాంటివి రక్తస్రావాన్ని పెంచుతాయి. జ్వరం దేనివల్ల అని తెలిసేదాకా పారాసెటమాల్ ఒక్కటే. కాంబిఫ్లామ్ లాంటి కలిసిన మాత్రలు వద్దు. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి, గర్భిణులకి ఈ నొప్పి మాత్రలు అసలే వద్దు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు పడిశం మాత్ర కూడా డాక్టరుని అడగకుండా వేసుకోకూడదు.

తోటలో గడ్డి పెరిగినచోట చిన్న పురుగు కుట్టి స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. చంకలోనో, గజ్జల్లోనో, నడుము దగ్గరో కాలిన మచ్చలా నల్లటి పక్కు కనబడుతుంది. సిగ్గుపడకుండా డాక్టరుకి చూపించండి. త్వరగా పడితే మామూలు మాత్రలతో తగ్గిపోతుంది, ఆలస్యమైతే ప్రమాదం.

6. పాలరోగం నేర్పిన పాఠం

"బలమైన మాత్ర ఇవ్వప్పా, రెండు రోజుల్లో తగ్గాల" అని అడిగితే కొన్ని అంగళ్ళలో ఎజిత్రోమైసిన్ ఇచ్చేస్తారు. అది యాంటీబయాటిక్. పట్టీ మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా కొనకూడదని అర్థం.

పురుగుకి పాలరోగం వస్తే దానికి మందు ఉందా? లేదు. అది వైరస్. వచ్చిన పురుగులని ఏరి పారేసి, శుద్ధి చేసి, మిగతావాటిని కాపాడుకుంటాం. మన పడిశం, ఫ్లూ కూడా వైరస్సులే. యాంటీబయాటిక్ వైరస్‌ని ఏమీ చేయలేదు. ఊరికే మింగితే రేపు నిజంగా న్యుమోనియా వచ్చినప్పుడు ఆ మందు పని చేయకుండా పోతుంది. మన పడిశం పురుగుకి అంటదు, పురుగు రోగం మనకి అంటదు. కానీ రెండింటికీ న్యాయం ఒకటే: వైరస్‌కి శుభ్రత, గాలి, ఓపికే మందు.

7. అసలు ఇది పడిశమేనా?

ఇది పట్టు రైతులు మాత్రమే అడుక్కోవలసిన ప్రశ్న.

షెడ్డు శుద్ధి చేసిన రోజు, పడక మీద సున్నమో విజేత పౌడరో చల్లిన రోజు ముక్కు కారుతుందా? జ్వరం లేకుండా తుమ్ములు, కళ్ళమంట, గొంతు గరగర ఉందా? తోటకో, ఊరికో పోతే తగ్గి, షెడ్డులోకి రాగానే మళ్ళీ మొదలవుతుందా? అట్లయితే అది పడిశం కాదు. బ్లీచింగ్ ఘాటు, ఫార్మలిన్ ఆవిరి, సున్నపు దుమ్ము, గూళ్ళ ధూళి, చిమ్మెట రెక్కల పొడి వల్ల వచ్చే ఇబ్బంది. పట్టు పని చేసేవాళ్ళకి వీటివల్ల ఆస్తమా రావడం వైద్యులు గుర్తించిన సంగతే. మాత్ర వేసుకొని మళ్ళీ ఆ దుమ్ములోకే పోతే జబ్బుని కప్పిపెట్టినట్టు అవుతుంది. దుమ్ముకి ఎన్95 మాస్కు పనికొస్తుంది. కానీ ఫార్మలిన్ ఆవిరిని, క్లోరిన్ ఘాటుని అది ఆపదు. శుద్ధి అయినాక తలుపులు, కిటికీలు తెరిచి బాగా గాలి ఆడినాకే లోపలికి పోండి. బ్లీచింగ్ పౌడరుని ఫార్మలిన్‌తో గానీ, యాసిడ్‌తో గానీ కలపకండి. ఛాతీలో పిల్లికూతలు, రాత్రిపూట ఆయాసం ఉంటే డాక్టరుకి "నేను పట్టుపురుగులు పెంచుతాను" అని మొదట చెప్పండి.

ఇంకొకటి మరీ ముఖ్యం. పక్క పొలంలో పురుగుమందు కొట్టినాక, లేదా మనమే కొట్టినాక, ముక్కు, నోరు, కళ్ళు ఒకేసారి కారడం, చెమటలు, ఛాతీ బిగపట్టడం, వాంతులు, కంటిపాప సూదిమొనలా చిన్నదైపోవడం కనిపిస్తే అది పడిశం కాదు, విషం. మాత్ర వెతక్కండి. బట్టలు తీసేసి, సబ్బుతో ఒళ్ళు కడిగి, 108కి ఫోన్ చేయండి. మందు డబ్బా వెంట తీసుకుపోండి.

8. మాత్ర లేకుండా చేయగలిగింది

మామూలు పడిశం వారం పది రోజుల్లో పోతుంది. ఏ మాత్రా ఆ రోజులని తగ్గించదు, బాధని మాత్రమే తగ్గిస్తుంది. గోరువెచ్చని నీళ్ళు, గంజి, రసం ఎక్కువగా తాగండి. ఉప్పునీళ్ళు పుక్కిలించండి. ఏడాది దాటిన పిల్లల దగ్గుకి పడుకునేముందు అర చెంచా తేనె మంచిది. ఏడాది లోపు బిడ్డకి తేనె నాకించకూడదు. ఆవిరి పట్టేటప్పుడు మరిగే గిన్నె పిల్లల దగ్గర పెట్టకండి, ఒళ్ళు కాలిన బిడ్డలు ఎందరో. రెండేళ్ళ లోపు పిల్లలకి ఘాటు బామ్, కర్పూరం పూయకండి. మిరియాల కషాయం, నిలవేంబు కషాయం తాగేవాళ్ళు తాగండి, కానీ డాక్టరుకి ఆ సంగతి చెప్పండి, డాక్టరుకి బదులుగా వాడకండి.

బామ్ రాసుకున్న చేతులతో షెడ్డులోకి పోకండి. ఘాటు వాసనలు పురుగులకి పడవు. దోమల చుట్ట అయితే పురుగులనే చంపుతుంది.

వీలైతే మేత పని ఇంట్లో ఇంకొకరికి అప్పజెప్పి ఒక పూట పడుకోండి. పక్క రైతుని సాయం అడగండి. ఈరోజు మీకు, రేపు ఆయనకి.

9. ఎప్పుడు ఆగకూడదు

ఊపిరి ఆడకపోవడం, బిడ్డ డొక్కలు ఎగరేయడం, పెదవులు నీలం తిరగడం, ఛాతీనొప్పి, మాట తడబడటం, విడవని వాంతులు, చిగుళ్ళ నుంచి గానీ ముక్కు నుంచి గానీ రక్తం, నల్లటి విరేచనం, మూత్రం తగ్గిపోవడం. ఇందులో ఏ ఒక్కటి కనిపించినా 108. జ్వరం మూడో రోజుకి కూడా తగ్గకపోయినా, తగ్గి మళ్ళీ వచ్చినా, దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో, తిరుత్తణి, తిరువళ్ళూరు ప్రభుత్వాసుపత్రికో పోవాలి. దగ్గు రెండు వారాలు దాటితే కఫం పరీక్ష చేయించుకోవాలి, క్షయ కాదని తేలాలి. సందేహం ఉంటే 104కి ఫోన్ చేసి అడగవచ్చు.

10. అంగట్లో ఏం అడగాలి

1960 ఏప్రిల్ 1న మన తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. అప్పటినుంచి మన ఇళ్ళలో అవ్వ తెలుగు చదువుతుంది, మనవడు అరవం చదువుతాడు, మాత్ర పట్టీ మీద మాత్రం ఇంగ్లీషు. ముగ్గురూ కలిసి చదివితేనే పని అవుతుంది. మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని పట్టీ వెనక చిన్న అక్షరాలు చదివించండి. మందు పేరు, ఎన్ని మి.గ్రా., గడువు తేదీ, ఈ మూడూ.

చదవడం రాకపోతే అంగట్లో అడగండి. అరవంలో ఇట్ల అడిగితే చాలు:

"ఇదుల పారాసెటమాల్ ఇరుక్కా? ఎవ్వళవు?" (ఇందులో పారాసెటమాల్ ఉందా, ఎంత?)

"సాప్పిట్టా తూక్కం వరుమా?" (వేసుకుంటే నిద్ర వస్తుందా?)

"ఎనక్కు బీపీ ఇరుక్కు, ఇదు సాప్పిడలామా?" (నాకు బీపీ ఉంది, ఇది వేసుకోవచ్చా?)

"కుళందై పత్తు కిలో, ఎత్తనై ఎమ్.ఎల్. కుడుక్కణుం?" (బిడ్డ పది కిలోలు, ఎన్ని మి.లీ. ఇవ్వాలి?)

పట్టీలోంచి కత్తిరించిన విడి మాత్రలు కొనకండి, పేరు, గడువు ఉండే ముక్క అంగట్లోనే మిగిలిపోతుంది. బిల్లు అడగండి. బిల్లు ఉంటేనే రేపు బ్యాచ్ తప్పని తేలినా అడిగే హక్కు ఉంటుంది.

ఈ వారం ఇంటిపని

ఇంట్లో మాత్రల డబ్బా బోర్లించండి. గడువు దాటినవి, పేరు లేనివి, సగం వాడిన పాత సిరప్పులు తీసేయండి. మిగిలినవాటిలో పారాసెటమాల్ ఉన్నవన్నీ ఒక కుప్ప చేయండి. పట్టీ మీద పెన్నుతో "పారా" అని పెద్దగా రాయండి. ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా ఆ కుప్పలోంచి ఒకటే రకం. రెండో రకం ముట్టకూడదు. వేసుకున్న టైము మేత రాసుకునే నోటుబుక్కులోనే రాయండి. ఎప్పుడు ఎంత మేత వేశామో రాసే చేతికి, ఎప్పుడు ఎంత మందు వేసుకున్నామో రాయడం కష్టం కాదు.

మొదట చెప్పిన రైతు ఇప్పుడు అదే చేస్తున్నాడు. ఆయన షెడ్డు తలుపు లోపలివైపు సుద్దముక్కతో గీసిన గీతలు చూశాం. ఒక పక్క పురుగుల జ్వరాల లెక్క. ఇంకో పక్క చిన్నగా, తన జ్వరం లెక్క.

మీ డబ్బాలో ఎన్ని "పారా"లు తేలాయో వాయిస్ మెసేజ్‌లో చెప్పండి. పట్టీ చదవడం రాకపోతే ఫోటో పెట్టండి, ఏం రాసి ఉందో చదివి చెబుతాం. ఏది వేసుకోవాలో మాత్రం డాక్టరే చెప్పాలి. వచ్చే వారం చలికాలంలో షెడ్డు వెచ్చగా ఉంచుకోవడం, పొగ లేకుండా, గాలి ఆగకుండా ఎట్లా అని మాట్లాడుకుందాం.

పంట బాగుండాలి, మనిషి బాగుండాలి. ఉంటాం.